చట్టం ఎవరికోసం వంగుతుంది?

(కల్హేర్ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రభుత్వాల మీద పెద్ద కంపెనీల పెత్తనం గురించి కల్హేర్‌లో మాట్లాడవలసిన అవసరమేమిటని సభకు ముందు కొందరు మిత్రులు మమ్మల్ని అడిగారు. ఈ ప్రాంతం నిజాం రాజ్యంలో ఉన్ననాటి ఒక సంగతితో మొదలుపెడతాము.

1814లో విలియం పామర్ హైదరాబాదులో ఒక వడ్డీ వ్యాపార సంస్థను నెలకొల్పాడు. తండ్రి ఆంగ్ల సేనాని, తల్లి ఫైజ్ బక్ష్ ముస్లిం వనిత. తల్లి మనవారని మురిసిపోనక్కరలేదు. వడ్డీ లెక్కలో ఆ బంధుత్వం ఎక్కడా కానరాదు. ఈస్టిండియా కంపెనీ అనుమతి లేనిదే బ్రిటిష్ పౌరులు స్వదేశీ రాజులకు అప్పులివ్వరాదని 1797 నాటి చట్టం చెబుతున్నది. 1816లో గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ ఆ నిషేధం నుండి పామర్ సంస్థకు మినహాయింపు ఇచ్చాడు. ఆ సంస్థ భాగస్వామి సర్ విలియం రంబోల్డ్ భార్య హేస్టింగ్స్ సంరక్షణలో పెరిగిన యువతి.

ఇక అడ్డేమున్నది? మంత్రి చందూలాల్ చేతుల మీదుగా అప్పు పెరిగింది. వడ్డీ నూటికి పాతిక దరిదాపుల్లో ఉండేది. జిల్లాల శిస్తును హామీగా రాసిచ్చారు. 1820లో 60 లక్షల రూపాయల కొత్త అప్పు చూపారు. అందులో అధిక భాగం పాత బాకీల సర్దుబాటే. రెసిడెంటుగా వచ్చిన మెట్కాఫ్ ఈ గుట్టు బయటపెడితే, హేస్టింగ్స్ మెట్కాఫ్ మీదనే ఆగ్రహించాడు. చివరకు ఆ బాకీ తీర్చడానికి, ఉత్తర సర్కారుల పేర ఏటా రావలసిన 7 లక్షల పేష్కష్‌ను 1823లో నిజాం శాశ్వతంగా వదులుకోవలసి వచ్చింది. దొరలు చేసిన అప్పు, రైతు కట్టిన శిస్తు!

ఇప్పుడు మన కాలానికి వద్దాము. లండన్‌లో నమోదైన వేదాంత రిసోర్సెస్ అనుబంధ సంస్థలనుండి విరాళాలు తీసుకొని కాంగ్రెస్, భాజపా రెండూ విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని ఉల్లంఘించాయని 2014 మార్చిలో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. చర్య తీసుకొమ్మన్నది. అయితే మారినది చట్టమే. 2016 ఆర్థిక చట్టం ద్వారా ‘విదేశీ’ అన్న నిర్వచనాన్ని 2010 నుండి వర్తించేలా సడలించారు. విరాళాలు అంతకుముందువి గదా! అందుకని 2018లో ఆ సడలింపును 1976 వరకు వెనక్కి జరిపారు. లోక్‌సభలో దానిపై చర్చయినా జరగలేదు.

అదే చట్టాన్ని 2020లో స్వచ్ఛంద సంస్థల విషయంలో బిగించారు. విదేశీ విరాళం ఢిల్లీలోని ఒకే ఒక స్టేట్ బ్యాంకు శాఖలోనే జమకావాలి. ఒక సంస్థ మరొక సంస్థకు ఆ సొమ్ము అందించరాదు. నిర్వహణ ఖర్చు 50 శాతం నుండి 20 శాతానికి తగ్గాలి. అనాథ బాలలను చదివించే సంస్థకు ఈ కట్టడి, పార్టీలకు నలభై ఏండ్ల మాఫీ. ఈ తేడాను మనం అడగకపోతే ఎవరు అడుగుతారు?

ఎన్నికల బాండ్లను సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టివేసిన తరువాతనే, హైదరాబాదుకు చెందిన మేఘా ఇంజినీరింగ్ 966 కోట్ల రూపాయల బాండ్లు కొన్నదని ప్రజలకు తెలిసింది. అయినా ఇరవై వేలు దాటిన విరాళాల వివరాలను పార్టీలు ఎన్నికల సంఘానికి ఏటా ఇవ్వవలసిందే. అవి ఎవరైనా చూడవచ్చును. ఈసారి ఏ పార్టీ నాయకుడు మన మసీదు వీధికి ఓటు కోసం వచ్చినా, ఆ జాబితాను ముందు పెట్టి, ఇందులో ఏ కంపెనీకి ఏ పని చేసిపెట్టారో చెప్పమని మన యువకులు అడగాలి.