కుటుంబ సమేతంగా చూడదగ్గ సినిమా – ఎవరి కుటుంబం?

(వేసవి సెలవుల్లో చౌటుప్పల్ వాడ తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

బళ్ళు బందయినయి. పిల్లలు ఇంటిపట్టున ఉన్నరు. ఏప్రిల్ అంటే మనకు జయంతుల నెల. 5న జగ్జీవన్‌రామ్, 11న ఫూలే, 14న బాబాసాహెబ్. సినిమావాళ్ళకు మాత్రం ఎండాకాలం వసూళ్ళ కాలం. "అమ్మా, సిన్మకు తోల్కపో" అని పిల్లలు కొంగు పట్టుకొని గుంజుతరు. తోల్కపోవద్దని చెప్పడానికి మేం రాలేదు. ఎండల కూలికి పోయొచ్చిన తల్లికి, కంపెనీల షిఫ్టు దిగొచ్చిన తండ్రికి మూడు గంటలు చల్లగ కూసోని నవ్వుకునే హక్కున్నది. సినిమా చూస్తే కూలోళ్ళు చెడిపోతరన్నది దొరల మాట. మేం అడుగుతున్నది వేరే. పోస్టర్ మీద "కుటుంబ సమేతంగా చూడదగ్గ చిత్రం" అని రాస్తరు గదా, ఆ కుటుంబం ఎవరిది?

ముందు సెన్సారు ముద్ర సంగతి తెలుసుకుందాం. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద ప్రతి సినిమాకూ బోర్డు ముద్ర వెయ్యాలె. 'యూ' అంటే అందరూ చూడొచ్చు. 'ఏ' అంటే పద్దెనిమిదేండ్లు నిండినోళ్ళకే. 'యూఏ' అంటే తల్లిదండ్రులు ఆలోచించుకొని పిల్లలకు చూపించాలె. 2023లో చట్టాన్ని సవరించి ఈ నడిమి ముద్రను 7, 13, 16 ఏండ్లని మూడుగా విడగొట్టిన్రు. టికెట్టు కొనేముందు ఈ ముద్ర చూసే అలవాటు మనకు రావాలె. 2025 మే 1న, నడి సెలవుల్లో, నాని 'హిట్ 3' వచ్చింది. అది 'ఏ' బొమ్మ. హీరో మంచోడు, పిల్లలకు ఇష్టం అనుకొని తోల్కపోతే అక్కడ కనపడేది నరుకుడు. కాబట్టి ముద్ర చూడాలె. కాని ముద్ర ఒక్కటే చాలదు.

ఎందుకంటే ఆ ముద్ర కొలిచేదేంది? నెత్తురెంత, ముద్దెంత, బూతెంత. ఆ కొలత కూడా సరిగ్గ కొలుస్తలేదు కాబట్టే 2025 మార్చిలో తెలంగాణ రాష్ట్ర మహిళా కమిషన్ సినిమా పాటల్లో అసభ్యమైన స్టెప్పులు ఆపాలని హెచ్చరిక చెయ్యవలసి వచ్చింది. ఇక నల్లగున్నోణ్ణి చూపించి నవ్వించే హాస్యాన్ని, పనిమనిషిని "ఒసేయ్" అని పిలిచే పెద్దింటి మర్యాదను, వాడ మనిషి తెర మీద ఎప్పుడూ చేతులు కట్టుకొని నిలబడే తీరును కొలిచే త్రాసు ఆ బోర్డు దగ్గర లేదు.

త్రాసు లేకపోతే పోనీ అనుకుందుము. కాని కత్తెర ఉన్నది. 2025 ఏప్రిల్‌లో హిందీలో 'ఫూలే' సినిమా వచ్చింది. అనంత్ మహాదేవన్ తీసిండు. ప్రతీక్ గాంధీ జోతిబాగా, పత్రలేఖ సావిత్రిబాయిగా వేసిన్రు. ఏప్రిల్ 11న, ఫూలే జయంతి రోజున విడుదల కావాల్సిన సినిమా. మహారాష్ట్రలో బ్రాహ్మణ సంఘాలు అభ్యంతరం చెప్పినయి. సినిమా 25కు పోయింది. దానికి ముందే సెన్సారు బోర్డు 'మహర్', 'మాంగ్', 'పీష్వాయీ' అన్న మాటలు తియ్యమన్నది. మూడు వేల ఏండ్ల బానిసత్వం అన్న మాటను "ఎన్నో ఏండ్ల" అని మార్చమన్నది. ఇన్ని చేసినంక 'యూ' ముద్ర ఇచ్చింది. అంటే కుటుంబాలన్నీ చూడదగ్గ సినిమా కావాలంటే ఫూలే కథలోంచి అంటరానివాళ్ళ పేర్లు పోవాలె! మన పేరు వింటే పాడైపోయే ఆ కుటుంబం ఏ కుటుంబమో మీరే చెప్పండి.

మరి తెలుగు గోడల మీద కులం పేరు లేదా? 1999 సంక్రాంతికి 'సమరసింహారెడ్డి' వచ్చింది. 2001 సంక్రాంతికి 'నరసింహనాయుడు' వచ్చింది. మనిషెత్తు అక్షరాలతో ఆ పేర్లు ఊరూరా అంటించిన్రు. అప్పుడు కులం పేరు వల్ల సంఘం చెడిపోతదని ఏ కత్తెరా లేవలేదు. ఏలే కులం పేరు టైటిల్ అయితది, ఏలబడ్డ కులం పేరు తప్పయితది. ఇదీ లెక్క.

1995 జూన్‌లో వచ్చిన 'పెదరాయుడు'ను తీసుకుందాం. ఇప్పటికీ టీవీలో వస్తే ఇంటిల్లిపాదీ కూసోని చూస్తరు. కుటుంబ చిత్రమంటే అదే అంటరు. అందులో ఉన్నదేంది? ఒక భూస్వామి రచ్చబండ మీద కూసోని తీర్పు చెప్తడు. పోలీసు లేదు, కోర్టు లేదు, రాజ్యాంగం లేదు. ఆడపిల్లను చెరిచినోనికే ఆమెను కట్టబెట్టడం న్యాయం. ఎదురు తిరిగినోళ్ళను పద్దెనిమిదేండ్లు ఊరి నుంచి వెలి వెయ్యడం న్యాయం. హాలంతా చప్పట్లు. వెలి అంటే తెర మీద చప్పట్లు కొట్టే మాట. వాడకు వెలి అంటే కూలి లేదు, నీళ్ళు లేవు, కొట్టుల ఉప్పు లేదు. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలో సాంఘిక బహిష్కరణను నేరమని రాసుకున్నం. ఆ తీర్పు ఇయ్యాల మన మీద ఎవరన్నా చెప్తే జైలుకు పోవాలె. ఆ మాట పిల్లలకు చెప్పకుండ ఆ సినిమా చూపించొద్దు.

ఇది దూరం తీసి చెప్తున్న మాట కాదు. చుండూరు మొదలైందే సినిమా హాల్లో. 1991 జూలైలో గుంటూరు జిల్లా చుండూరులో సినిమా చూస్తుంటే ఒక దళిత విద్యార్థి కాలు ముందు సీట్లోని అగ్రకులపోనికి తగిలింది. అంతే. ఆ కాలు తగిలిన గొడవ వాడ మీద వెలి అయింది. ఆగస్టు 6న పట్టపగలు వెంటాడి ఎనిమిది మంది దళితులను నరికి, శవాలను గోనెసంచుల్ల కుక్కి కాల్వల పడేసిన్రు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. ఏ సినిమా ఆడిందన్నది ఒక ప్రశ్న, ఆ హాల్లో ఎవరు ఎట్ల కూసోవాలన్నది ఇంకో ప్రశ్న. మన పిల్లలకు రెండూ తెలియాలె.

ఇప్పుడు నేల టికెట్టు పోయింది, సీటు నంబరు వచ్చింది. ఇప్పుడు గడప దాటనియ్యనిది రేటు. 2024 డిసెంబర్ 4 రాత్రి 'పుష్ప 2' ముందస్తు ఆటకు ఉన్న రేటు మీద ఇంకో 800 రూపాయలు వసూలు చేసుకోమని సర్కారే జీవో ఇచ్చింది. నలుగురున్న ఇంటికి అదనపు పైసలే 3,200. ఆ ఏడు తెలంగాణల ఉపాధి హామీ కూలి రోజుకు 300. అంటే పదిరోజులకు పైన మట్టి మోసిన కూలి ఒక్క రాత్రికి, అదీ అసలు రేటు కాక. అదే రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటల, పిల్లలతోని సినిమాకొచ్చిన ఒక తల్లి చచ్చిపోయింది. ఆమె చిన్న కొడుకు చావు అంచుదాకా పోయిండు. మొదటి ఆటే చూడాలె, హీరో మొఖమే చూడాలె అన్న పిచ్చి పిల్లలకు ఎవరు ఎక్కిస్తున్నరు? వారం రోజులు ఆగితే సినిమా ఏం అరిగిపోదు. మొదటిరోజు హీరో కటౌటుకు పాలు పోసే యువకులకు మనమే చెప్పాలె: ఆ పాలు మీ ఇంట్ల చిన్నపిల్లకు పొయ్యండి.

ఇంకొక సినిమా పేరు చెప్పకపోతే నల్లగొండ బిడ్డలుగా మేం తప్పించుకున్నట్టే. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ఆస్పత్రి ముందర, కడుపుతో ఉన్న భార్య చూస్తుండంగ ఒక దళిత యువకుణ్ణి నరికి చంపిన్రు. పై కులం పిల్లను పెండ్లి చేసుకున్నందుకు. చంపించింది పిల్ల తండ్రి. 2020లో రాంగోపాల్ వర్మ ఆ కథ మీద 'మర్డర్' తీయించిండు. దాని కింద "కుటుంబ కథా చిత్రమ్" అని రాసిండు. మొదటి పోస్టర్‌ను ఫాదర్స్ డే నాడు వదిలిండు. భర్తను పోగొట్టుకున్న ఆ పిల్ల నల్లగొండ కోర్టుకెక్కింది. అయినా ఆ ఏడు డిసెంబర్‌ల సినిమా వచ్చింది. మన పిల్లగాని హత్య వాళ్ళకు ఒక తండ్రి ప్రేమ కథ! 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకనికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. కుటుంబం పేరు మీద చేసిన హత్య హత్యే అని కోర్టు చెప్పింది. తెర ఎప్పుడు చెప్తది?

మంచి సినిమాలు లేవని మేం అనం. 2023 మార్చిలో వచ్చిన వేణు ఎల్దండి 'బలగం'ను ఊర్లల్ల తెరలు కట్టి చూసిన్రు. బంగళా లేని, పంచె మీద కండువా దొర లేని కుటుంబం అందులో ఉన్నది. ఆఖర్ల ఆ ఇంటిని కలిపింది ఎవరు? బుడగ జంగాల పాట. కొమురమ్మ, మొగిలయ్య పాడంగ హాల్లో ఏడ్వనోళ్ళు లేరు. మొగిలయ్య 2024 డిసెంబర్‌ల పోయిండు. ఊరు కలవాలంటే ఊరి చివరి కళాకారుడు కావాలె అని పిల్లలకు చూపించి చెప్పొచ్చు. శేఖర్ కమ్ముల 'లవ్ స్టోరీ' 2021లో వచ్చింది. దళిత క్రైస్తవ పిల్లగాడు హీరో. పెద్దకులం ఇంట్లనే ఆడపిల్లకు బాబాయి చేతిల జరిగే చెరను చూపించింది. పదమూడు దాటిన ఆడపిల్లలు తల్లితోని చూడాల్సిన బొమ్మ. కరుణకుమార్ 'పలాస 1978' 2020లో వచ్చింది. నరుకుడున్నది కాబట్టి చిన్నపిల్లలకు వద్దు, కాలేజీ పిల్లలకు చూపించండి. జబ్బార్ పటేల్ తీసిన 'డాక్టర్ బాబాసాహెబ్ అంబేద్కర్'ల మమ్ముట్టి వేషం వేసిండు. జయంతినాడు డీజే పెట్టే పైసలతోని అది చూపించొచ్చు.

కాబట్టి సినిమా ఎంచుకునేముందు, చూసొచ్చినంక, ఇంట్ల ఈ మాటలు అడగండి. ముద్ర ఏంది? అందులో మనసోంటి ఇల్లు ఉన్నదా? ఉంటే ఆ ఇంటి మనిషి తలెత్తి మాట్లాడిండా, చేతులు కట్టుకున్నడా? ఎవరిని చూసి నవ్వించిన్రు? తాగుడును మగతనమని చూపించిన్రా? ఆడపిల్ల ఇష్టాన్ని ఎవరన్నా అడిగిన్రా? తగువును చట్టం తీర్చిందా, దొర తీర్చిండా? ఈ ప్రశ్నలకు బదులు చెప్పే పిల్లలకు ఏ సినిమా చూపించినా భయం లేదు.

ఈ రోడ్డు మీదనే పట్నం దిక్కు పోతే 1996లో లేసిన రామోజీ ఫిలింసిటీ ఉన్నది. కోటలు, రాజమహళ్ళు, అగ్రహారాలు అక్కడ కట్టి విప్పుతరు. మన ఊర్ల నుంచి అక్కడికి కూలికి పోయినోళ్ళు ఉన్నరు. సెట్టు మోసే చేతులు కథ కూడా రాసేదాకా ఈ ప్రశ్నలు ఆగొద్దు. సెలవులు అయిపోయేలోపల వాడ కమ్యూనిటీ హాల్‌ల ఒక తెల్ల దుప్పటి కడదాం. వారానికొక సినిమా వేద్దాం. ఆట అయినంక లైట్లు వేసి ముందు పిల్లలను మాట్లాడనిద్దాం, ఆ తర్వాతనే పెద్దలు. మన కుటుంబం సమేతంగా చూడదగ్గది ఏదో మన కుటుంబమే తేల్చుకోవాలె.

జై భీమ్! జై ఫూలే!