కారు చక్రమునకు తగిన టైరు



ఈ దినము నేను ప్రసంగింపనున్న విషయము పట్టణవాసులకు మాత్రమే చెందినదని కొందఱు తలంపవచ్చును. కాని నేడు పల్లెలలో సైతము కార్లు తిరుగుచున్నవి. పెండ్లికి పోవలెనన్నను, సంతకు పోవలెనన్నను, అర్ధరాత్రివేళ రోగిని ఆసుపత్రికి చేర్పవలెనన్నను ఊరిలోనున్న ఒకటి రెండు కార్లే దిక్కగుచున్నవి. అట్టి బండికి టైర్లు అరిగినప్పుడు క్రొత్తవి ఏ కొలతవి కొనవలెను? ఇది బేరమునకు సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. బండిలో కూర్చున్నవారి ప్రాణములకు సంబంధించిన ప్రశ్న.

ఎడ్లబండి చక్రమునకు ఇనుపపట్టా వేయుట మీలో పెక్కురు కన్నులార చూచినవారే. కమ్మరి మొదట చక్రపు చుట్టుకొలతను తీసికొనును. పట్టాను అంతకంటె ఇంచుక చిన్నదిగా చేసి, నిప్పులో ఎఱ్ఱగా కాల్చి, అది సాగియుండగా చక్రమునకు తొడిగి, నీళ్లు పోయును. చల్లారిన పట్టా ముడుచుకొని చక్రమును బిగించి పట్టుకొనును. పట్టా పెద్దదైనచో కొలది దినములలోనే వదులై ఊడిపోవును. మఱీ చిన్నదైనచో చక్రమే చెడును. కావున చక్రమునకు తగిన పట్టా అను మాట మనకు క్రొత్తది కాదు. కారుటైరు విషయమునను మూలసూత్రమిదియే. అయితే ఇచ్చట చూడవలసిన కొలతలు ఒకటి గాక నాలుగైదు కలవు.

ఆ కొలతలన్నియు టైరు ప్రక్కభాగముననే ఉబ్బెత్తు అక్షరములతో అచ్చువేయబడియుండును. ఒక ఉదాహరణము తీసికొందము. మనదేశమున విరివిగా తిరుగు మారుతి స్విఫ్టు కారు సాధారణ రకములకు 165/80 ఆర్ 14 అను టైరు వచ్చుచున్నది. ఇందు 165 అనునది టైరు వెడల్పు, అది మిల్లీమీటర్లలో. 80 అనునది ఎత్తు కాదు. వెడల్పులో నూటికి 80 వంతులు టైరు ప్రక్కభాగపు ఎత్తని అర్థము. 165లో నూటికి 80 వంతులనగా 132 మిల్లీమీటర్లు. ఆర్ అను అక్షరమును పలువురు వ్యాసార్ధమని భ్రమపడుదురు. అది రేడియల్ అను మాటకు గుర్తు; టైరు లోపలి త్రాళ్లు చక్రపు ఆకులవలె అడ్డముగా అమర్పబడినవని తెలుపును. ఫ్రాన్సు దేశపు మిషెలిన్ కంపెనీవారు 1946లో ఈ పద్ధతికి పేటెంటు పొందిరి; నేటి కార్లన్నిటికిని దాదాపు ఇవియే వాడుకలోనున్నవి. చివరి 14 అనునది చక్రపు రిమ్ము అడ్డుకొలత. ఇది మాత్రము అంగుళములలో. ఒకే పంక్తిలో మిల్లీమీటర్లు, నూటికి వంతులు, అంగుళములు మూడును కలసియుండుటచేతనే సామాన్యులకు ఇది చిక్కుముడివలె కనబడును.

ఇప్పుడు టైరు మొత్తపు ఎత్తును లెక్కింతము. రిమ్ము 14 అంగుళములనగా 355.6 మిల్లీమీటర్లు. దానికి పైన 132, క్రింద 132 చేర్చినచో 619.6, అనగా రమారమి 620 మిల్లీమీటర్లు. ఈ సంఖ్యయే మనకు కీలకము. కారులోని వేగము చూపు ముల్లు, నడచిన దూరము లెక్కించు యంత్రము, బ్రేకుల ఏర్పాటు, బండి అడుగునకును నేలకును నడుమనుండు ఎడము, ఇవన్నియు ఈ ఎత్తును మనసులో నుంచుకొని తయారుచేసినవారు నిర్ణయించినవే.

అట్లయిన అసలు కొలతకు వేఱుగా నేదియు వాడరాదా యని మీరడుగవచ్చును. అదే కొలత దొరకినంతవఱకు అదియే ఉత్తమము. దొరకనిచో ఎత్తులో భేదము నూటికి మూడు మించరాదని ఈ పనివారు పాటించు నియమము. ఒకటి రెండు లోపలనున్న మఱియు మేలు. 14 అంగుళముల రిమ్ముననే 185/70 టైరును చూడుడు. 185లో నూటికి 70 వంతులు 129.5. రెండుప్రక్కలు కలిపి 259, రిమ్ముతో 614.6 మిల్లీమీటర్లు. అసలుదానికంటె ఐదు మిల్లీమీటర్లే తక్కువ. నూటికి ఒకటి కూడ కాదు. వెడల్పు పెరిగినను ఎత్తు నిలిచినది. వెడల్పు పెంచినప్పుడు రెండవ సంఖ్యను తగ్గింపవలె ననుటలో రహస్యమిదియే. అదే కారు మేలురకములకు 15 అంగుళముల రిమ్ముపై 185/65 టైరు వచ్చుచున్నది. లెక్కించినచో 621.5 వచ్చును. రిమ్ము పెద్దదైనను మొత్తపు ఎత్తు మారలేదు. తయారుచేసినవారే ఈ సంఖ్యను ఎంత జాగ్రత్తగా కాపాడుదురో దీనివలన తెలియుచున్నది.

దీనికి విరుద్ధముగా, రెండవ సంఖ్య తగ్గింపక 185/80 టైరు వేసితిమనుకొనుడు. ఎత్తు 651.6 అగును, నూటికి ఐదు పెరిగినది. ముల్లు 80 కిలోమీటర్లని చూపునప్పుడు బండి నిజముగా 84 పోవుచుండును. నడపువాడు తాను నెమ్మదిగా పోవుచున్నాననుకొనును. బండి మాత్రము అతడెఱుగని వేగముతో పోవుచుండును. అంతేకాక, మలుపు తిరుగునప్పుడు టైరు లోపలి రేకులకు రాచుకొనవచ్చును. టైరు చిన్నదైనచో ముల్లు హెచ్చు చూపును, బండి నేలకు దిగును. మన రోడ్లలో గుంతలును, ఎత్తుగడ్డలును ఎన్నియో మీకు చెప్పనక్కఱలేదు.

ఎత్తుతోపాటు చూడవలసినది భారము. కొలత ప్రక్కనే 85 టి అనియో, 88 హెచ్ అనియో చిన్న గుర్తు కనబడును. ఇందు 85 అనగా ఒక్కొక్క టైరు 515 కిలోల బరువు మోయగలదని అర్థము. 88 అనగా 560 కిలోలు. 75 అనగా 387 కిలోలు. అక్షరము వేగమునకు గుర్తు: ఎస్ గంటకు 180 కిలోమీటర్లు, టి 190, హెచ్ 210. క్రొత్త టైరు ఈ రెండింటను అసలుదానితో సమముగానో, అంతకు మించియో యుండవలెను గాని తగ్గియుండరాదు. ఎత్తు సరిపోయినను భారము చాలని టైరు, బక్కయెద్దును నిండుబండికి కట్టినట్టిదే. మొదటి మైలు నడచును. ఎండలో, ఎక్కుడులో దాని బలము బయటపడును.

మూడవది రిమ్ము వెడల్పు. రిమ్ము 14 అంగుళములదని తెలిసినంతమాత్రమున చాలదు. దాని వెడల్పు సన్ననిదైనచో వెడల్పాటి టైరు దానిపై ఉబ్బి కూర్చుండి, మలుపులలో ఊగులాడును. ఏ టైరునకు ఎంత వెడల్పుగల రిమ్ము తగునో టైరు కంపెనీల పట్టికలలో నుండును. దుకాణదారుని ఆ పట్టికను చూపుమని అడుగుడు. చూపుటకు అతడు వెనుదీసినచో మీరు మఱియొక దుకాణమునకు పోవుట మంచిది.

వెడల్పు టైరు చూడ దర్జాగా నుండునన్న మాట నిజమే. దాని కొఱతలు కూడ తెలిసికొనవలెను. త్రిప్పుడుచక్రము బరువగును, నూనె కొంత హెచ్చుగా కాలును, నిలిచిన వాననీటిపై వేగముగా పోవునప్పుడు టైరు నేలను విడిచి నీటిపై తేలు ప్రమాదము పెరుగును. రెండవ సంఖ్య మఱీ తక్కువైన పలుచని టైరు గుంతలో పడినప్పుడు దెబ్బ సూటిగా రిమ్మునకే తగిలి, రిమ్ము వంగును. పల్లెదారులకు ప్రక్కభాగము ఎత్తుగానున్న టైరే హితము.

మా యూరి రైతొకరు పాతకారు కొనిరి. దాని ముందుటైర్లు రెండును 155/65 ఆర్ 14; వెనుకవి 165/80 ఆర్ 14. అమ్మినవాడు చౌకగా దొరకినవని ముందువానిని మార్చియుండెను. బండి ముందుకు వాలినట్లుండుట చూచి, నేను ఆయనతో, "బాబాయిగారూ, ఈ ముందుటైర్లు దీనివి కావు" అంటిని. "అదేమి మాట? రిమ్మునకు చక్కగా ఎక్కినవి గదా! పైగా నిన్నమొన్నటివి" అని ఆయన నొచ్చుకొనెను. నేను వాదింపలేదు. సుద్దముక్కతో ముందుటైరు మీదను, దాని క్రింద నేలమీదను గీత గీసి, బండిని ఒక చుట్టు దొర్లింపించి, గీత తిరిగి నేలకు వచ్చినచోట మఱియొక గుర్తు పెట్టితిని. వెనుకటైరునకును అట్లే చేసితిని. ఒక్క చుట్టులోనే రెండింటికిని జానెడుకు కొంచెము తక్కువగా భేదము వచ్చెను.

లెక్క చూచినను అంతే. 155/65 టైరు ఎత్తు 557 మిల్లీమీటర్లు మాత్రమే. నూటికి పది తక్కువ. భారపు గుర్తు 75. నాలుగు టైర్లును అట్టివైనచో మోయు శక్తి 2060 కిలోలనుండి 1548 కిలోలకు దిగిపోవును. వడ్లబస్తా 75 కిలోలుగా లెక్కించినచో ఆఱు బస్తాలకు పైగా శక్తి తగ్గినదన్నమాట. అందును బ్రేకు వేసినప్పుడు బరువంతయు ముందుటైర్లమీదకే ఒఱగును. బలహీనమైనవి ముందే యున్నవి. ముందు వెనుక చక్రములు వేఱువేఱు చుట్లు తిరుగుటచే, చక్రములు జాఱకుండ బ్రేకును అదుపుచేయు యంత్రము సైతము తికమకపడును.

ఆయన చాలసేపు మాటాడలేదు. పిదప, "డబ్బు పోసి కొన్నబండి. మరల ఖర్చా?" అనెను. ఆయన కుమార్తె పురిటికి వచ్చియుండెను. ఆసుపత్రి మాయూరికి దూరము, శ్రావణమాసము, వానలు. ఆ మాట నేను అనలేదు. ఆయనయే తలుపువైపు చూచి, "సరే, రేపే మార్పింతును" అనెను. మఱునాడు రెండు క్రొత్త టైర్లు వచ్చినవి. రిమ్మునకు ఎక్కినదెల్ల బండికి తగినది కాదని చెప్పుటకే ఈ సంగతి మీకు మనవిచేసితిని.

కావున పాతకారు కొన్నవారు బండికి ఉన్న టైరును చూచి అదియే సరియైన కొలతయని నమ్మరాదు. నడపువాని తలుపు తెఱచినచో స్తంభముమీద గాని, తలుపు అంచున గాని చిన్న చీటీ అంటింపబడియుండును. అందు తగిన కొలతయు, నింపవలసిన గాలియు వ్రాసియుండును. అది చిరిగిపోయినచో బండితో వచ్చు పుస్తకమున చూడవచ్చును. టైరుపై అచ్చువేసిన గాలిసంఖ్య ఆ టైరు ఓర్వగల గరిష్ఠపరిమితి. అది మనము నింపవలసిన గాలి కాదు. గాలిని బండి నడువకముందు, టైరు చల్లగా నున్నప్పుడే చూపించుకొనవలెను.

కొనునప్పుడు మఱి రెండు మూడు సంగతులు గమనింపుడు. టైరు పుట్టినతేది నాలుగంకెలలో నుండును. 1024 అని యున్నచో 2024వ సంవత్సరమున పదవ వారమున తయారైనదని అర్థము. దుకాణమున ఏండ్లతరబడి నిలువయున్న సరకు, గాడులు లోతుగా కనబడినను, కొనదగినది కాదు. గాడులలో అచ్చటచ్చట చిన్న మెట్లు కట్టియుండును. టైరు అరిగి ఆ మెట్లతో సమమైనచో గాడి 1.6 మిల్లీమీటర్లే మిగిలినదని తెలియును. అంతవఱకు వచ్చిన టైరును ఒక్కదినమైనను ఆలస్యము చేయక తీసివేయవలెను.

నాలుగింటిని ఒక్కమాఱు మార్చుటకు శక్తి లేనివారు రెండైనను జతగా, ఒకే కొలతవి, ఒకే ఇరుసునకు వేయింపవలెను. ఆ క్రొత్తవానిని ముందుకు వేయుమని చాలమంది చెప్పుదురు. కాని వెనుకకు వేయుటయే క్షేమము. తడిరోడ్డుపై ముందుచక్రములు జాఱినచో నడపువాడు వేగము తగ్గించి సరిదిద్దుకొనగలడు. వెనుకచక్రములు జాఱినచో బండి గిఱ్ఱున తిరిగిపోవును, నేర్పరియైనను ఆపుట కష్టము. వెనుకపెట్టెలోని అదనపు చక్రమును కూడ అప్పుడే చూచుకొనుడు.

చట్టము మాటయు ఒకటి కలదు. తయారుచేసినవారి నిర్దేశమునకు భిన్నముగా బండిని మార్చుటను 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను నిరోధించుచున్నది. అసలు కొలతకు మిగుల దూరమైన టైర్లు వేసి, ప్రమాదమైన పిదప భీమా కంపెనీ ప్రశ్నలకు జవాబు వెదకుకొనుట కంటె ముందే జాగ్రత్తపడుట మేలు.

నేను చెప్పినదంతయు నాలుగు మాటలలో గుర్తుంచుకొనవచ్చును. చీటీ చూడుడు. ఎత్తు సరిపోవునా లెక్కింపుడు. భారము తగ్గకుండ చూచుకొనుడు. రిమ్మునకు తగునా యని పట్టిక అడుగుడు. ఇవన్నియు కాగితమును పెన్సిలును పట్టినవారెవ్వరైనను చేయగల లెక్కలే. మీ యింటి పిల్లలు టైర్లు కొనుటకు పట్టణమునకు బయలుదేరునప్పుడు ఆ చీటీలోని కొలతను వ్రాసియిచ్చి పంపుడు. దుకాణములో బేరమాడు బాధ్యత వారిది. ఏ కొలతకు బేరమాడవలెనో చెప్పు బాధ్యత పెద్దలైన మీది.