మూడోసారి కూడా హెడ్ గ్యాస్కెట్టేనా? ముందు కారణం పట్టుకోండి

ఈ రోజు ఎపిసోడ్ లారీ ఉన్నవాళ్ళకి, లారీ నడిపేవాళ్ళకి, ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదువుతున్న తమ్ముళ్ళకి. విషయం ఒక్కటే. హెడ్ గ్యాస్కెట్ మార్చిన బండి రెండు నెలలు తిరక్కుండానే మళ్ళీ అదే కంప్లయింట్‌తో షెడ్డుకి ఎందుకొస్తుంది?

నేను విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ ఇంజిన్ల పని చేస్తాను. గ్యాస్కెట్ పోయిందని వచ్చే బళ్ళలో చాలావాటికి అది మొదటిసారి కాదు. ఓనరు వచ్చీ రాగానే అనే మాట కూడా ఒకటే: "అన్నా, ఈసారి ఒరిజినల్ వెయ్యి, ఎంతైనా ఫర్వాలేదు." మంచి గ్యాస్కెట్టే వేద్దాం, కాదనను. కానీ ఇంట్లో ఫ్యూజు పదేపదే పోతుంటే ఫ్యూజు చేసినవాణ్ణి తిట్టి ఊరుకుంటామా? వైరింగ్ చూస్తాం. ఇదీ అంతే. గ్యాస్కెట్ చాలాసార్లు దోషి కాదు, దెబ్బ తిన్నది మాత్రమే.

ముందు అది చేసే పని చూద్దాం. కింద బ్లాకు, పైన హెడ్, మధ్యలో ఈ పల్చటి రేకు. సిలిండర్‌లో మంట లోపలే ఉండాలి, నీళ్ళు నీళ్ళ దారిలో, ఆయిల్ ఆయిల్ దారిలో పోవాలి. ఇప్పటి పెద్ద డీజిల్ ఇంజిన్లలో మంట ప్రెషర్ 150 బార్ దాటుతుంది. పక్కనే నీళ్ళ దారిలో ఉండేది సుమారు ఒక బార్. ఇంత తేడాని ఆపేది రేకు ఒక్కటే కాదు. హెడ్ బోల్టుల బిగింపు అన్నిచోట్లా సమానంగా పడితేనే ఆగుతుంది. ఎక్కడ బిగింపు తగ్గితే అక్కడ మంట దారి వెతుక్కుంటుంది.

సరే, బండి వచ్చింది. నా మొదటి ప్రశ్న: అసలు పోయింది హెడ్ గ్యాస్కెట్టేనా?

కూలెంట్ ట్యాంకులో బుడగలు వస్తున్నాయంటే అందరూ వెంటనే హెడ్ విప్పుతారు. ఆగండి. లారీకి ఎయిర్ బ్రేకులు ఉంటాయి, ఆ గాలి కోసం ఒక కంప్రెసర్ ఉంటుంది. చాలా ఇంజిన్లలో ఆ కంప్రెసర్ హెడ్‌ని చల్లబరిచేది కూడా ఇంజిన్ నీళ్ళే. దాని చిన్న గ్యాస్కెట్ పోతే, 8 బార్ దాకా వెళ్ళే గాలి నీళ్ళలోకి దూరుతుంది. బుడగలు అచ్చం అలాగే వస్తాయి, నీళ్ళు బయటికి తన్నేస్తుంది. పరీక్ష తేలిక. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కంప్రెసర్‌కి వెళ్ళే నీళ్ళ పైపులు రెండూ విప్పి, ఇంజిన్ వైపు మూసేసి, కొద్ది నిమిషాలు మాత్రం స్టార్ట్ చేసి చూడండి. బుడగలు ఆగితే హెడ్ జోలికి పోనక్కర్లేదు.

ఈజీఆర్ కూలర్ ఉన్న బళ్ళలో ఇంకో మోసం. ఆ కూలర్ లోపల పగిలితే నీళ్ళు తగ్గుతుంటాయి, తెల్ల పొగ వస్తుంది, కింద ఒక్క చుక్క కనపడదు. "ఇంజిన్ నీళ్ళు తాగుతోంది, గ్యాస్కెట్టే" అనేస్తారు. ఆ కూలర్‌ని విడిగా ప్రెషర్ పెట్టి చూడాలి. ఈ రెండూ చూడకుండా హెడ్ దింపితే, కొత్త గ్యాస్కెట్ వేశాక కూడా అదే జబ్బు ఉంటుంది. పేరు మాత్రం "మళ్ళీ గ్యాస్కెట్ పోయింది" అని.

రెండో ప్రశ్న: విప్పిన పాత గ్యాస్కెట్ ఏం చెబుతోంది?

ఇక్కడ ఒక బండి సంగతి చెప్తాను. నంద్యాల వైపు నుంచి సిమెంటు లోడుతో గిద్దలూరు ఘాట్ మీదుగా ఒంగోలు తిరిగే ఆరు సిలిండర్ల బండి. ఓనరే డ్రైవరు, కుర్రాడు, ఫైనాన్స్ వాయిదాలు ఇంకా చాలా ఉన్నాయి. నాలుగు నెలల్లో రెండు గ్యాస్కెట్లు మార్చారు, మూడోది కూడా పోయింది. బండి ఆగిన ప్రతిసారీ పది పన్నెండు రోజుల కిరాయి పోయింది. "ఇది కూడా ఆగకపోతే అమ్మేస్తాను అన్నా" అన్నాడు. అదృష్టం ఏంటంటే, పాత గ్యాస్కెట్లు రెండూ క్యాబిన్‌లో దాచిపెట్టుకున్నాడు. మూడూ పక్కపక్కన పరిస్తే, మూడూ ఒకే చోట కాలి ఉన్నాయి. నాలుగో సిలిండర్‌కీ ఐదో సిలిండర్‌కీ మధ్యలో.

ఒక్కోసారి ఒక్కోచోట కాలితే ఇంజిన్ మొత్తం వేడెక్కుతోందేమో, బోల్టుల బిగింపు తప్పేమో అని అనుమానిస్తాను. ప్రతిసారీ ఒకేచోట కాలితే తప్పు ఆ చోటులోనే ఉంది. హెడ్ ప్రతిసారీ లేత్‌కి పంపారు, ఫేసింగ్ చేయించారు, అది బాగానే ఉంది. మరి కింద బ్లాకు సంగతి? దాన్ని ఎవరూ కొలవలేదు.

ఈ ఇంజిన్లలో లైనర్లు బ్లాకు మట్టం కంటే వెంట్రుక మందమంత పైకి ఉండాలి. అలా ఉంటేనే హెడ్ కిందికి బిగిసినప్పుడు లైనర్ అంచు గ్యాస్కెట్‌ని గట్టిగా నొక్కుతుంది. డయల్ గేజ్ పెట్టి కొలిచాం. మిగతావి 0.08 మిల్లీమీటర్ పైకి ఉన్నాయి. ఐదోది 0.02. లైనర్ కూర్చునే గట్టు అరిగి అది కిందికి దిగింది. 0.06 మిల్లీమీటర్ కంటికి కనపడదు తమ్ముడూ, మంటకి కనపడుతుంది! ఆ గట్టు మళ్ళీ కటింగ్ చేయించి, లైనర్ కింద షిమ్ వేసి, అన్నీ ఒకే మట్టానికి తెచ్చాం. మీ ఇంజిన్‌కి ఈ కొలత ఎంత ఉండాలో మీ ఇంజిన్ మాన్యువల్ చూడండి, ఒక ఇంజిన్ లెక్క ఇంకో ఇంజిన్‌కి పనికిరాదు.

అక్కడితో అయిపోలేదు. మూడో ప్రశ్న: మొట్టమొదటిసారి ఎందుకు పోయింది?

అతని రేడియేటర్ విప్పితే సగం గొట్టాలు తెల్లగా గట్టకట్టి ఉన్నాయి. కూలెంట్ తగ్గినప్పుడల్లా బోరు నీళ్ళు పోశారు. ఆ ఉప్పు లోపల పేరుకుంది. ఖాళీ బండికి హీట్ రాదు, ఘాట్ ఎక్కేటప్పుడు లోడు మీద ముల్లు పైకి పోతుంది. దానికి మందుగా ఎవరో థర్మోస్టాట్ తీసేశారు. ఇది మన రోడ్ల మీద బాగా అలవాటైన పని, కానీ తప్పు. చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు బైపాస్ దారిని మూస్తుంది. దాన్ని తీసేస్తే వేడి నీళ్ళలో కొంత రేడియేటర్‌కి పోకుండా అడ్డదారిన మళ్ళీ ఇంజిన్‌లోకే వచ్చేస్తాయి.

రేడియేటర్ మూత కూడా చూడండి. చిన్న వస్తువని తీసిపారేస్తారు. మామూలు నీళ్ళు 100 డిగ్రీలకి మరుగుతాయి. మూత ఒక బార్ ప్రెషర్ పట్టి ఉంచితే 120 దాకా మరగవు. మూత స్ప్రింగు వదులైతే ఆ రక్షణ పోయినట్టే. హెడ్ చుట్టూ ఆవిరి బుడగలు చేరతాయి, అక్కడ లోహం కాలుతుంది, హెడ్ వంగుతుంది.

నాలుగో ప్రశ్న: బిగించింది ఎవరు, ఎలా?

బోల్టు గుంటల్లో నీళ్ళో ఆయిలో ఉండిపోతే, బోల్టు వాటిని నొక్కుతుంది. టార్క్ రెంచ్ క్లిక్‌మంటుంది, హెడ్ మాత్రం బిగియదు. ఒక్కోసారి బ్లాకే పగులుతుంది. గాలి కొట్టి ఆరబెట్టాలి. సాగిపోయిన బోల్టులు మళ్ళీ వాడకూడదు. పొడవు కొలవండి, మాన్యువల్ మార్చమంటే మార్చండి. రాడ్డుకి పైపు తగిలించి చేతి లెక్కన లాగడం వద్దు. మధ్య నుంచి బయటికి, మాన్యువల్‌లో ఉన్న వరసలో, చెప్పిన విడతల్లో బిగించాలి. గ్రైండర్‌కి డిస్కు పెట్టి బ్లాకు మొహం గీకడం అసలు వద్దు. గుంటలు పడతాయి, ఆ పొడి ఆయిల్‌లో కలిసి బేరింగులు తినేస్తుంది. స్టీల్ గ్యాస్కెట్‌కి పైన గమ్ము పూస్తే లీకు ఆగుతుందనుకోవడం కూడా భ్రమే.

ఇప్పుడు మీరు చేయగలిగింది. చేతిలో ఫోన్ ఉంది కదా, దాన్ని వాడండి. ఒకటి, విప్పిన గ్యాస్కెట్ పారేయనివ్వకండి. ముందు వైపు ఏదో గుర్తు పెట్టి రెండు వైపులా ఫోటో తీసుకోండి. రెండు, లైనర్ల కొలతలు, హెడ్ మట్టం కొలతలు కాగితం మీద రాయించి ఫోటో తీయండి. "కొలిచాం, బాగానే ఉంది" అంటే చాలదు, అంకెలు కావాలి. మూడు, హీట్ ఎప్పుడెక్కుతోందో రాసుకోండి. లోడు మీదా, ఖాళీ మీదా, ఘాట్‌లోనా, ట్రాఫిక్‌లోనా. డ్రైవింగ్‌లో ఫోన్ మీరు పట్టుకోవద్దు, పక్కన క్లీనర్‌కి చెప్పండి.

దారిలో ముల్లు ఎర్ర గీత వైపు పోతే బండి పక్కకి తీయండి. కూలెంట్ కారిపోకుండా ఉంటే కాసేపు ఐడిల్‌లో ఉంచండి. నీళ్ళు లేకపోతే వెంటనే ఆపేయండి. వేడి మీద మూత తీయకండి, మొహం కాలుతుంది. ఎర్రగా కాగిన ఇంజిన్‌లో చన్నీళ్ళు కుమ్మరించకండి, హెడ్ పగులుతుంది. "ఇంకో పది కిలోమీటర్లే కదా" అని లాగిన బండే నా దగ్గరికి తాడు కట్టుకుని వస్తుంది.

ఆ సిమెంటు బండికి రేడియేటర్ మార్చాం, థర్మోస్టాట్ పెట్టాం, సరైన కూలెంట్ పోశాం. ఆరు నెలలైంది, అదే ఘాట్ ఎక్కుతోంది. అతను అమ్మలేదు. గ్యాస్కెట్ రేకు ఖరీదు పెద్దది కాదు ఫ్రెండ్స్, దాని కోసం బండి ఆగిన రోజులే ఖరీదు. అందుకే ఈసారి మెకానిక్ "గ్యాస్కెట్ పోయింది" అంటే, "ఎందుకు పోయింది అన్నా?" అని అడగండి. జవాబు వచ్చేదాకా హెడ్ ఎక్కించనివ్వకండి.

వచ్చే ఎపిసోడ్‌లో టర్బో సంగతి మాట్లాడుకుందాం. జాగ్రత్తగా నడపండి, ఉంటాను.