జైలు గేటు బయట ముందు ఎవరుంటారు

(వార్షిక మహాసభలో సమాఖ్య పాలకవర్గం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి రికవరీ ఎంత అన్నది నివేదికలో ఉంది. అవే లెక్కలు మళ్లీ చదివి మీ టైము తీసుకోం. ఈ ఏడాది పాలకవర్గ సమావేశాల్లో మేము ఎక్కువసేపు మాట్లాడుకున్నది వేరే సంగతి. గొంతులు పెరిగేదాకా పోయిన రోజులు కూడా ఉన్నాయి. ఇంట్లో మనిషి జైలుకు పోతే ఆ ఇంటి సభ్యురాలిని గ్రూపు ఏం చేయాలి? ఆ మనిషి తిరిగొచ్చాక ఏం చేయాలి? అదీ సంగతి.

మన ఊళ్లలో ఇది ఎందుకొచ్చిందో మీకు తెలుసు. కుంట, చింతూరు మీదుగా భద్రాచలం దిగి, కొత్తగూడెం దాటిపోయే 30వ నంబరు జాతీయ రహదారి మన గుమ్మాల ముందు నుంచే పోతుంది. ఆంధ్రా–ఒడిశా సరిహద్దు అడవుల్లో నుంచి గంజాయి ఈ దారిన తరలుతుందని, భద్రాచలం దగ్గర తనిఖీల్లో పట్టుబడిందని పేపర్లో చూస్తూనే ఉంటాం. ఫోటోలో ఎవరుంటారు? ఆటో డ్రైవరు ఉంటాడు, కూలికి బ్యాగు మోసిన కుర్రాడు ఉంటాడు. ఒక్కోసారి చంకలో బిడ్డనెత్తుకున్న ఆడమనిషి ఉంటుంది. సరుకు అసలు యజమాని మాత్రం ఆ ఫోటోలో కనపడడు.

అందుకే ముందు ఈ లెక్క ప్రతి గ్రూపులో చదవండి. గంజాయి కిలో లోపు దొరికితే ఏడాది దాకా జైలు. కిలో దాటి 20 కిలోల లోపైతే పదేళ్ల దాకా. 20 కిలోలు దాటితే పదేళ్లకు తక్కువ కాకుండా ఇరవై ఏళ్ల దాకా శిక్ష, లక్షకు తగ్గని జరిమానా, బెయిలు దొరకడం చాలా కష్టం. బండి సీజ్ అవుతుంది. మోసినందుకు ఇచ్చేది కొన్ని వేలు. బ్యాగులో ఏముందో తెలియదంటే కోర్టు అంత తేలిగ్గా నమ్మదు. ‘ఒక్క ట్రిప్పే అక్కా’ అని మీ వాడు అంటే ఈ లెక్క వాడి ముందు పెట్టండి.

అన్నీ గంజాయి కేసులే కావు. పోడు దగ్గర ఫారెస్టు కేసులున్నాయి, గుడుంబా కేసులున్నాయి, తాగి కొట్టుకున్నవి, చిన్నా చితకా దొంగతనాలు ఉన్నాయి. 2022 లెక్క ప్రకారం మన దేశంలో జైళ్లలో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురు ఇంకా విచారణలో ఉన్నవాళ్లే. అంటే తప్పు చేశారని కోర్టు ఇంకా చెప్పలేదు. బస్తీలో మనం మాత్రం మొదటి రోజే తీర్పు చెప్పేస్తాం.

ఇప్పుడు ఇంట్లో మిగిలిన మనిషి సంగతి చూద్దాం. భర్త లోపల పడ్డాడు. వారానికోసారి ములాఖత్‌కు బస్సు చార్జీ, లాయరు ఫీజు, జామీనుదారు కోసం తిరుగుడు. మిర్చి కోతలకు పోయే రోజుల్లో కోర్టు వాయిదా పడితే ఆ కూలి పోయినట్టే. ఒక నెల కిస్తీ ఆగుతుంది, రెండో నెలా ఆగుతుంది. సిగ్గుతో మీటింగుకు రావడం మానేస్తుంది. మూడో నెలకు గ్రూపు ‘ఆమె రావట్లేదు కదా’ అని పేరు కొట్టేస్తుంది. అప్పుడు ఆమె పోయేది వారం వారం వసూలు చేసే ఫైనాన్సు వాడి దగ్గరికే. అడవి అంచు పల్లెలో అయితే నలుగురి మాటలు పడలేక పిల్లల్ని తీసుకుని ఖమ్మమో, భద్రాచలమో వచ్చి మున్నేరు ఒడ్డునో, గోదావరి ఒడ్డునో రేకుల షెడ్డు అద్దెకు తీసుకుంటుంది. పట్నంలో పేదరికం ఎట్లా పెరుగుతుందని అధికారులు సర్వేలు చేస్తుంటారు. ఇట్లా కూడా పెరుగుతుంది, ఒక్కొక్క షెడ్డు చొప్పున.

మనిషి బయటికొచ్చిన రోజు సంగతి ఇంకా ముఖ్యం. పని ఇచ్చేవాడు ఉండడు. ఆటో స్టాండులో చోటివ్వరు. హమాలీ పనికి పోతే ‘తర్వాత చూద్దాం’ అంటారు. ఇ-కేవైసీకి వేలిముద్ర వేయలేదు కాబట్టి రేషన్ కార్డులో పేరు పెండింగులో పడి ఉంటుంది. ఫోన్ నంబరు రద్దయి ఉంటుంది. ఇన్ని తలుపులు మూసుకుంటే, వెతుక్కుంటూ ఇంటికొచ్చేది ఒక్కడే. అప్పుడు బ్యాగు ఇచ్చినవాడు! వాడు ఆలస్యం చేయడు. లాయరు ఖర్చు నేనే పెట్టానంటాడు, బాకీ తీర్చుకోవాలంటే ఇంకో ట్రిప్పు అంటాడు. మా వాదనంతా ఇక్కడే ఉంది అక్కల్లారా. వాడికంటే ముందు ఆ గడప దగ్గర గ్రూపు ఉండాలి.

‘మన పొదుపు పైసలు దొంగల ఇంటికా?’ అని ఒక మీటింగులో ఒకామె అడిగింది. ఆమెను తప్పు పట్టలేం. వంద వంద కూడబెట్టినవి అవి, ఒకరి కిస్తీ ఆగితే మిగతా తొమ్మిది మంది మీద పడుతుంది. కానీ 2024 సెప్టెంబర్ 1న మున్నేరు పొంగి బొక్కలగడ్డ, ప్రకాశ్‌నగర్ ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు, ఈమె కిస్తీ ఎందుకు కట్టలేదని ఎవరూ అడగలేదు కదా. బురద ఎత్తడానికి కలిసి పోయాం. అది దేవుడు చేసింది, ఇది మనిషి చేసుకుంది అంటారేమో. చేసుకున్నది భర్త. కిస్తీ కట్టేది భార్య. పొదుపు పుస్తకం ఆమె పేరు మీద ఉంది.

మన భద్రాచలంలో ఇట్లాంటి మాట అనేటప్పుడు ఒకసారి గుడి వైపు చూడాలి. ఆ గుడి కట్టించిన కంచర్ల గోపన్న మన నేలకొండపల్లి మనిషి. పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉండి సర్కారు సొమ్ము గుడికి వాడాడని తానీషా గోల్కొండ కోటలో పన్నెండేళ్లు బంధించాడంటారు. రామలక్ష్మణులే వచ్చి బాకీ కట్టి విడిపించారని కథ. కట్టి ఊరుకోలేదు, రసీదు కూడా తీసుకున్నారు! మన బుక్‌కీపర్లకు ఆ భాగం బాగా నచ్చుతుంది. జైలు నుంచి వచ్చిన ఆ మనిషిని రామదాసు అని పిలుచుకుంటున్నాం, ఆయన చేయించిన నగలను ఇవాళ్టికీ కళ్లకద్దుకుంటున్నాం.

అది పాత కథ అనుకుంటే దగ్గరి కాలంలో ఇంకోటుంది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం పేరు మీరు సినిమాల్లో విని ఉంటారు. 1871లో తెల్లవాళ్లు తెచ్చిన చట్టం కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులని రాసింది. అట్లాంటి వాళ్లను తెచ్చి పెట్టిన ఊరది. 1952లో చట్టం పోయినా ఆ పేరు పోలేదు. మహాకవి జాషువా గారి బిడ్డ హేమలత, ఆమె భర్త లవణం ఆ కుటుంబాల మధ్య ఏళ్ల తరబడి పని చేశారు. దొంగతనం మానాలనుకున్నవాళ్లకు బతుకుదెరువు, పిల్లలకు చదువు, ఈ రెండూ పట్టుకుని నడిచారు. నీతి ఒక్కటే చెప్తే ఎవరూ వినరు, వినాల్సిన అవసరమూ లేదు. సాయంత్రం పొయ్యి వెలగాలి కదా.

సర్కారుకూ ఈ సంగతి తెలియంది కాదు. తెలంగాణలో గుడుంబా బంద్ చేయించినప్పుడు, దాని మీద బతికే కుటుంబాలకు పునరావాసం కింద 2 లక్షలు ఇచ్చారు. జైళ్ల శాఖ నడిపే పెట్రోలు బంకుల్లో ఖైదీలు, విడుదలైనవాళ్లు పని చేస్తున్నారు. కానీ బంకులో ఉద్యోగాలు ఎన్ని ఉంటాయి? బయటికొచ్చేవాళ్లు ఎంతమంది? మిగతావాళ్లు మన బస్తీలకే వస్తారు.

ఇక పాలకవర్గం ఒప్పుకున్న పద్ధతి చెప్తాం. అరెస్టు అయిన వారంలో ఇద్దరు సభ్యులు ఆ ఇంటికి పోవాలి. ఏం చేశాడు, ఎందుకు చేశాడు అన్న ఆరా వద్దు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఆమెను తీసుకుపోవాలి. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలి. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెప్తారు. బెయిలు వచ్చినా జామీను డబ్బు లేక లోపలే ఉన్న పేదల కోసం కేంద్రం 2023లో ఒక పథకం తెచ్చింది. అప్పట్లో విచారణ ఖైదీకి 40 వేల దాకా, శిక్ష పడ్డవాళ్ల జరిమానాకు 25 వేల దాకా సాయం పెట్టారు. గంజాయి కేసులకు అది వర్తించదు, ఆశ పెట్టుకుని తిరగకండి. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో, మొదటిసారి కేసులో ఉన్న మనిషి గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలే గడిపితే బాండు మీద విడుదల అడగవచ్చు. ఉరి, యావజ్జీవం పడే కేసులకు, ఒకటికి మించి కేసులున్నవాళ్లకు కుదరదు. మీ కేసుకు వర్తిస్తుందా లేదా అని లాయరునే అడగండి. జామీను సంతకం మాత్రం గ్రూపు పేరు మీద, గ్రూపు డబ్బు మీద ఎవరూ పెట్టొద్దు. అది ఎవరి ఇష్టం వాళ్లది.

ఆమె పేరు రిజిస్టరులో ఉంటుంది. ఆరు నెలల దాకా కిస్తీ తగ్గించి కట్టుకోవచ్చు, ఎంత తగ్గించాలో గ్రూపే కూర్చుని తీర్మానం రాసుకోవాలి. పొదుపు మాత్రం ఆపొద్దు, పది రూపాయలైనా సరే. పది రూపాయలు కట్టే మనిషి మీటింగుకు వస్తుంది. అసలు కావాల్సింది అదే.

మనిషి విడుదలయ్యాక అప్పు ఆమె పేరు మీదే ఇవ్వాలి, బండి ఆమె పేరు మీదే ఉండాలి. టిఫిన్ బండి, నవమికి, ముక్కోటికి కొబ్బరికాయల దుకాణం, అడ్డాకుల విస్తర్లు, ఏది నడుస్తుందో ఆమెకే తెలుసు. వీధి వ్యాపారం అయితే ముందు గుర్తింపు కార్డు చేయించండి, పీఎం స్వనిధికి అది అడుగుతారు. ఆయన బండి తోయనీ, గిన్నెలు కడగనీ. మొదటి మూడు నెలలు పొద్దున్నే లేచి పోవడానికి ఒక చోటు ఉంటే చాలు. ఆ మూడు నెలలే ప్రమాదం.

జైలుకు పోయింది మన సభ్యురాలే అయితే? మగవాడు వస్తే ఇంట్లోకి రానిస్తారు, ఆడమనిషికి పుట్టింటి తలుపు కూడా తెరుచుకోదు. అట్లాంటి ఆమె పొదుపు వడ్డీతో సహా లెక్క కట్టి పక్కన పెట్టాలి. తిరిగొచ్చిన వారంలో మీటింగుకు పిలవాలి.

ఒక గీత కూడా గీసుకున్నాం. తిరిగొచ్చే మనిషంటే ఆ ఇంటి ఆడమనిషికి భయమైతే, కొట్టినవాడే అతనైతే, గ్రూపు ఆమె పక్కన ఉంటుంది. 181కి ఫోన్ చేయడం, సఖి కేంద్రానికి తోడు పోవడం మన పని. సర్దుకుపొమ్మని ఆమెకు చెప్పడానికి ఎవరూ పోకూడదు. నష్టపోయినవాళ్ల కుటుంబం, నష్టం చేసినవాళ్ల కుటుంబం ఒకే గ్రూపులో ఉన్న చోట్లు కూడా ఉన్నాయి. దానికి మా దగ్గర ఒకటే మందు లేదు. ఇద్దరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చేతులు కలపమనడం మాత్రం మాకు నచ్చలేదు. నష్టపోయినామె మాట ముందు వినాలి, కావాలంటే రెండో ఆమె పేరు ఇంకో గ్రూపుకు మార్చాలి.

ఈ తీర్మానం కాగితం బయట బల్ల మీద ఉంది. గ్రూపుకొకటి తీసుకుపోండి. వచ్చే నెల మీటింగులో చదువు రాని అక్కలకు కూడా అర్థమయ్యేట్టు చదవండి. ఒప్పుకున్నవాళ్ల సంతకాలతో పాటు, ఒప్పుకోనివాళ్లు ఎందుకు ఒప్పుకోవట్లేదో కూడా మినిట్స్ పుస్తకంలో రాసి పంపండి. అవి మాకు కావాలి.