ఐదో వరుస ఎందుకు తడవలేదు?

(హోసూరు ప్రాంత తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వీడియో ఆటలు పిల్లలను చెడగొడుతున్నాయని లోగడ ఇటువంటి సభలోనే నేను మాట్లాడాను. ఆ మాటను నేడు కొంత సవరించుకోవలసి వచ్చింది.

మా మనుమడు మైన్‌క్రాఫ్ట్ అనే ఆట ఆడతాడు. స్వీడన్‌లో పుట్టి, 2011లో పూర్తి రూపంలో వెలువడిన ఆట అది. అందులో లోకమంతా చదరపు దిమ్మెలే. వాటిని తవ్వవచ్చు, పేర్చవచ్చు, పంట పండించవచ్చు. తొలినాళ్లలో ఏ వస్తువును ఎట్లా తయారుచేయాలో తెలిపే పట్టిక కూడా ఆటలో ఉండేది కాదు. ఆడేవారే చేసి చూసి తెలుసుకోవలసి వచ్చేది.

ఒక సెలవునాడు కోప్పడదామనే వెళ్లి, వాడి పక్కన కూర్చున్నాను. వాడు కాలువ తవ్వి గోధుమ విత్తాడు. నాలుగు వరుసల నేల తడిసి నల్లబడింది. ఐదోది పొడిగానే ఉండిపోయింది. "ఎందుకురా?" అన్నాను. వాడు బదులు చెప్పక, కాలువను ఒక గడి ఇటు జరిపాడు. ఐదోదీ తడిసింది. ఆవలి పక్కనా లెక్క చూశాడు. అక్కడా నాలుగే. "వాటర్ నాలుగు బ్లాక్స్ దాకానే పోతుంది తాతా" అన్నాడు.

అనుమానించడం, మార్చి చూడడం, తేల్చుకోవడం: ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన నేను పిల్లలకు అలవరచాలని తపించినది ఇదే. అక్కడ తప్పుచేస్తే మార్కులు పోవు, బెత్తం లేవదు. కనుకనే వాడు పొరపాటుకు జంకలేదు. 1967లో పిల్లలకోసం లోగో అనే కంప్యూటర్ భాషను రూపొందించినవారిలో ఒకరైన సేమూర్ పాపర్ట్ కూడా, బిడ్డ తానై ఏదో ఒకటి నిర్మిస్తూ నేర్చుకోవాలనే చెప్పారు.

అయితే ఒక సంగతి నన్ను కలవరపెట్టింది. కనుగొన్నది చెప్పడానికి వాడివద్ద తెలుగు లేదు. బడిలో తమిళం, ఇంగ్లీషు, ఆటలో ఇంగ్లీషు. మడి, గట్టు, సాలు, తూము, ఇవేవీ వాడెరుగడు. తప్పు వాడిది కాదు. ఆ మాటలు అందించవలసిన నేను, మందలించడానికి మాత్రమే వాడి దగ్గరకు వెళ్లేవాణ్ణి.

ఆ సాయంత్రం పెరట్లో వంగమొక్కల పక్కన ఇద్దరం చిన్న కాలువ తీశాము. "ఇక్కడా నాలుగేనా?" అన్నాను. ఇసుక కలిసినచోట నీరు నేరుగా దిగిపోయింది. బంకమన్ను ఉన్నచోట పక్కలకు పాకింది. "నీరు ఇంకింది" అన్న మాట వాడికి అప్పుడు వచ్చింది. మరునాడు వాడే నన్ను పిలిచి ఆట చూపించాడు: "ఈ కాలువలో నీళ్లు ఎంత తడిపినా ఇంకవు తాతా, తరగవు!" ఆట నియమం వేరు, నేల నియమం వేరు అని నేను చెప్పనక్కరలేకపోయింది.

ఆటలన్నీ ఇటువంటివి కావు. డబ్బును, పొద్దును మింగేవే ఎక్కువ. వాటిని పోల్చుకొనే ఉపాయం ఒకటున్నది. బిడ్డ పక్కన కూర్చొని, "ఈరోజు ఏమి కనుగొన్నావు?" అని తెలుగులో అడగండి. చెప్పడానికి ఏమీ లేకుంటే ఆ ఆట మాన్పించండి. ఉన్నదిగాని మాట చాలకుంటే, ఆ మాట మీరివ్వండి.