విభేదం ఉన్నచోటే సంభాషణ

(తెలుగు క్రైస్తవ రచయితల సదస్సులో అధ్యక్షోపన్యాసం)



చీలికలు పెరిగిన సమాజంలో క్రైస్తవుడు ఎలా మాట్లాడాలి అన్నది ఈ సదస్సు మన ముందు పెట్టిన ప్రశ్న. దీనికి మనలో చాలామంది దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. మెత్తగా మాట్లాడాలి, ఎవరినీ నొప్పించకూడదు, వివాదాల జోలికి పోకూడదు అని. ఆ జవాబుతో నాకు పేచీ ఉంది. దెబ్బ తిన్నవాడు నోరు మూసుకుంటేనే నిలబడే మర్యాద దెబ్బ కొట్టినవాడికే పనికొస్తుంది. మన సంఘ చరిత్రలో సంభాషణ నేర్పినవాళ్లు చెప్పవలసింది గట్టిగానే చెప్పారు. చెప్పాక లేచి వెళ్లిపోలేదు. కష్టమంతా ఆ రెండో పనిలోనే ఉంది.

1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. ప్రతినిధుల్లో అత్యధికులు ఐరోపా, అమెరికా దేశాలవారు. భారతదేశం నుంచి వెళ్లిన కొద్దిమందిలో వి.ఎస్. అజరయ్య ఒకరు. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు, అప్పటికి ముప్ఫై అయిదేళ్లవాడు, డోర్నకల్‌లో తెలుగువాళ్ల మధ్య సువార్త పనికి అంకితమైనవాడు. మిషనరీలకూ దేశీయ సేవకులకూ మధ్య సంబంధాల గురించి ఆయన మాట్లాడారు. ఒకే ప్రభువును సేవిస్తున్నాం గానీ ఒక ఇంట్లో కూర్చుని కలిసి భోంచెయ్యడం అరుదు అని, మీ మాటతీరులో యజమాని ధోరణి వినిపిస్తోంది అని, ఎవరి డబ్బుతో మిషనరీ పని నడుస్తోందో వాళ్ల ముఖం మీదే చెప్పారు. వాళ్ల త్యాగాన్ని మాత్రం కాదనలేదు. కొరింథీయులకు పౌలు రాసిన ప్రేమ అధ్యాయాన్ని గుర్తుచేస్తూ, మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మేము అడిగేది స్నేహం అన్న అర్థంలో ముగించారు. సభలో కొందరికి అది మింగుడుపడలేదు. అయినా ఆయన అలిగి వేరు కుంపటి పెట్టలేదు. ఎవరిని విమర్శించారో వాళ్లతోనే పనిచేస్తూ, రెండేళ్ల తర్వాత 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు.

ఆ ప్రసంగాన్ని ఇవాళ చదివితే నాకు గట్టిగా తగిలేది అందులోని ధైర్యం కన్నా అందులోని ఎంపిక. నిందించడానికి ఆయన దగ్గర కావలసినంత సరుకుంది. కానీ నింద దగ్గర ఆగకుండా ఎదుటివాళ్లు ఏం చెయ్యగలరో అది అడిగారు. వాళ్లు నమ్మిన గ్రంథం మాటలతోనే అడిగారు. కాదనాలంటే వాళ్లు తమ గ్రంథాన్నే కాదనుకోవాలి.

అజరయ్య పాలుపంచుకున్న రెండో సంభాషణ ఇంకా పెద్దది. 1919లో తరంగంబాడిలో రెండు సంఘాలవారు 33 మంది కూడారు. దాదాపు అందరూ భారతీయులే. ఎక్కడో ఇంగ్లండులో, స్కాట్లండులో పుట్టిన తగాదాలకు ఇక్కడ మనం ఎందుకు విడివిడిగా ఉండాలి అని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు రావడానికి 28 ఏళ్లు పట్టింది. పేచీ చిన్నది కాదు. బిషప్ ఉండాలా, ఉంటే ఆయన అధికారం ఎంత, బిషప్ చేతులుంచి అభిషేకించని పాదిరి ఇచ్చే ప్రభురాత్రి భోజనం చెల్లుతుందా? ఆంగ్లికన్లకు ఇది విశ్వాసపు వేరు. కాంగ్రెగేషనల్ వారికి బిషప్ అంటేనే అనుమానం. చర్చలు ఎన్నోసార్లు చిక్కుల్లో పడ్డాయి. కొందరు ఫలితం చూడకుండానే కన్నుమూశారు. అజరయ్య 1945 జనవరి 1న పోయారు. 1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జి కెథెడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. స్వాతంత్ర్యం వచ్చి ఆరు వారాలు. పంజాబులో మనుషులు మతం పేరిట చంపుకుంటున్న రోజులవి.

ఆ ఒప్పందంలో ఒక హామీ ఉంది. మన రచయితలు దాన్ని తగినంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం. ఏ స్థానిక సంఘం మీదా దాని మనస్సాక్షి ఒప్పుకోని ఆరాధన పద్ధతిని గానీ, పరిచర్యను గానీ రుద్దబోమని అందరూ మాట ఇచ్చుకున్నారు. పాత పద్ధతుల్లో అభిషేకం పొందినవారు అలాగే కొనసాగుతారు, ముప్ఫై ఏళ్లు కలిసి బతికాక మిగతాది తేల్చుకుందాం అన్నారు. తేలని విషయాన్ని తేలలేదని ఒప్పుకుని, దానితోనే కలిసి బతకడానికి సిద్ధపడ్డారు. నేటి మన చర్చల్లో నాకు కనిపించనిది సరిగ్గా ఆ ఓపికే.

అందరూ కలవలేదు. గుంటూరు ప్రాంతపు లూథరన్లు, నెల్లూరు వైపు బాప్టిస్టులు బయటే ఉన్నారు. నంద్యాల సంగతి మరీ బాధాకరం. ఆ ప్రాంతపు ఆంగ్లికన్ సంఘాల్లో చాలామంది, అజరయ్య సొంత మేత్రాసనంలోనివారే, కొత్త సంఘంలో చేరబోమన్నారు. వాళ్లను మూర్ఖులని కొట్టిపారెయ్యడం తేలిక. పాదిరి అభిషేకం విషయంలో తమ విశ్వాసం దెబ్బతింటుందని వాళ్లు నిజంగానే నమ్మారు. ఊళ్లు చీలాయి, కుటుంబాలు చీలాయి. 1975లో గానీ నంద్యాల దక్షిణ ఇండియా సంఘంలో కలవలేదు. సంభాషణను పొగిడే ప్రతివాళ్లూ నంద్యాలను కూడా గుర్తుంచుకోవాలి. పై స్థాయిలో పెద్దలు ఎంత మర్యాదగా మాట్లాడుకున్నా, ఊరి సంఘం మాట చెవిన పడకపోతే అతుకు నిలవదు.

ఇతర మతాలవారితో సంభాషణకు కూడా మనకు మంచి నమూనా ఉంది. 1920లలో అమెరికన్ మిషనరీ స్టాన్లీ జోన్స్ ఉత్తర భారతంలో హిందువులను, ముస్లింలను, క్రైస్తవులను గుండ్రంగా కూర్చోబెట్టేవారు. వాదన లేదు, బోధ లేదు. నీ విశ్వాసం నీ బతుకులో ఏం చేసిందో అది చెప్పు, మిగతావాళ్లు వింటారు. క్రీస్తు మీద తన నమ్మకాన్ని ఆయన దాచలేదు, ఎదుటివాడి మాటను మధ్యలో తుంచలేదు.

సాహితీ సభ కాబట్టి జాషువా గారి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన ఆ కవిని కులం పేరుతో పండితులు దూరం పెట్టారు. పురాణ కథలు పద్యాలుగా రాస్తున్నాడని సొంత మతం పెద్దలు కినిశారు. ఎటు తిరిగినా గోడే. 1941లో ఆయన గబ్బిలం వెలువరించారు. గుడి గడప తొక్కే హక్కు లేని అరుంధతీ సుతుడు తన గోడు కాశీ విశ్వేశ్వరుడికి చెప్పమని గబ్బిలాన్ని బతిమాలతాడు. గబ్బిలం గర్భగుడిలో వేలాడవచ్చు, ఈ మనిషి బయటే నిలబడాలి. కాళిదాసు మేఘసందేశం వరసలో, పండితులు తలకెత్తుకునే వృత్తాల్లో ఆయన ఈ కథ చెప్పారు. చెవులు మూసుకుందామన్నవాడికి పద్యం అందం అడ్డం వచ్చింది. కోపం ఎక్కడా తగ్గలేదు, ద్వేషం ఎక్కడా లేదు. అదే కవి క్రీస్తు చరిత్ర రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. అవతలివారి సాహిత్యాన్ని ప్రేమించినవాడే అవతలివారిని నిలదియ్యగలడని ఆయన రచన చూశాక నమ్ముతున్నాను.

యోహాను సువార్తలో యేసు సమరయ స్త్రీతో మాట మొదలుపెట్టింది నీళ్లు అడిగి. యూదులు సమరయులతో పొత్తు పెట్టుకోని రోజులవి. మన పల్లెల్లో ఎవరి చేతి నీళ్లు ఎవరు తాగలేదో తెలిసిన మనకు ఈ ఘట్టం వివరించనక్కర్లేదు. ఆమె బతుకు గురించిన చేదు నిజం ఆ తర్వాత వస్తుంది. ముందు ఆయన ఆమె దగ్గర చెయ్యి చాచాడు.

ఇవాళ మన పరిస్థితి ఏమిటి? ఇతరుల దేవుళ్లను ఎగతాళి చేసే ప్రసంగం ఫోన్లలో ఊరంతా తిరుగుతుంది. దానికి జవాబుగా వచ్చిన తిట్లు చూపించి మనం హింసకు గురవుతున్నామంటాం. నిజంగా దాడికి గురైన పేద సంఘం గోడు ఆ రొదలో ఎవరికీ వినపడదు. ఇక మన ఇంటి సంగతి. మాల, మాదిగ భేదం ప్రార్థన మందిరం బెంచీల్లో, ఎన్నికల్లో, సమాధుల తోటల్లో ఇంకా బతికే ఉంది. దాని గురించి నోరెత్తితే ఐక్యత చెడుతుందని పెద్దలు వారిస్తారు. కలిసి భోంచెయ్యడం అరుదని అజరయ్య ఎడిన్‌బరోలో అన్న మాట ఇప్పుడు మనకే తగులుతుంది.

ఇక్కడున్న సంఘ పత్రికల సంపాదకులకు నాదొక విన్నపం. ఎవరినైనా విమర్శిస్తూ వ్యాసం వేస్తే, వారి జవాబు అడిగి తెప్పించి, అంతే నిడివిలో, అదే పేజీలో వెయ్యండి. కులం గురించి వచ్చిన ఉత్తరాన్ని ఐక్యత పేరు చెప్పి పక్కన పెట్టకండి. కాపరులూ, వచ్చే నెలలో ఒక్క సాయంత్రం మీ ఊళ్లోని వేరే మతస్థులను పిలిచి, ప్రసంగం చెయ్యకుండా, వాళ్లు చెప్పేది కూర్చుని వినండి. విన్నది మన పత్రికలకు రాయండి, మేము అచ్చు వేస్తాం.