మగవారు దాచుకునే చర్మవ్యాధులు



నేను ఉర్దూ పంతుల్ని, డాక్టర్ని కాను. కానీ నాలుగేళ్ళ కిందట గజ్జల్లో తామర వస్తే, చూపించుకోవడానికి సిగ్గుపడి, మందుల షాపులో ఇచ్చిన ట్యూబు ఆరు నెలలు పూశాను. అందులో స్టెరాయిడ్ ఉందట. తామర తొడలదాకా పాకింది, చర్మం పల్చబడి చారలు పడింది. ఆ చారలు ఇప్పటికీ పోలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

అంగం శిరస్సు అంచున ముత్యాల వరుసలాగా సన్నని పొక్కులు చాలామంది కుర్రాళ్ళకు ఉంటాయి. అది రోగం కాదు, అంటుకోదు. దానికే బెంగపడి నిద్ర మానుకునేవాళ్ళున్నారు, పాపం!

నొప్పిలేని పుండును మాత్రం నమ్మొద్దు. సవాయి పుండు మందు లేకుండానే కొన్ని వారాల్లో మానిపోతుంది, రోగం మాత్రం ఒంట్లోనే ఉంటుంది. రక్తపరీక్ష చేయించి పెన్సిలిన్ సూది వేయించుకుంటే నయమవుతుంది. భార్యకూ పరీక్ష తప్పదు.

"మనకు సున్తీ అయింది, ఏమీ రాదు" అంటారు కొందరు. సున్తీవల్ల కొన్ని జబ్బులు తగ్గేమాట నిజమే, అన్నీ ఆగవు. తెల్లమచ్చ గట్టిపడినా, గడ్డ పెరిగినా, మూత్రపు ధార సన్నబడినా ఆలస్యం చేయకండి. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో సురక్షా క్లినిక్కులున్నాయి. డబ్బు అడగరు, మీ సంగతి బయట చెప్పరు.